తిరుత్తణి గరిక, ఇంటిముందరి పచ్చిక

తిరుత్తణి పేరు చెప్పగానే మనవారికి కొండమీది సుబ్రహ్మణ్యస్వామి జ్ఞాపకం వస్తాడు. చదువుకొన్నవారికి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జ్ఞాపకం వస్తారు. చిత్తూరు జిల్లా పెద్దలకు 1960 ఏప్రిల్ 1వ తేదీ జ్ఞాపకం వస్తుంది. తిరువళ్లూరు అంటే వీరరాఘవస్వామి కోవెల, దాని కోనేరు, అమావాస్యనాటి జనసమ్మర్దం. ఆ రెండు వూళ్ల నడుమ చెరువుకట్టలమీద, పొలంగట్లమీద, రైలుదారికి రెండువైపులా పరచుకొని వుండే గరికను గురించి మాత్రం యెవరూ వ్యాసం వ్రాయరు. యీ సంచికను చదివే కుటుంబాలలో చాలమందికి నేడు ఇంటిముందర కాస్త జాగా వున్నది; ఆ జాగాలో పచ్చిక వున్నది; ఆ పచ్చిక యెండిపోతున్నదనో, కలుపు పట్టినదనో దిగులూ వున్నది. ఆ పచ్చిక వంశచరిత్ర విప్పి చూస్తే, వెచ్చని దేశాలలో వున్నవారి మటుకు, అది మన గట్టుమీది గరికే.

గరికను సంస్కృతంలో దూర్వ అంటారు, హిందీలో దూబ్ అంటారు, అరవంలో అరుగంపుల్లు అంటారు. వినాయకచవితి పూజలోని ఇరవైయొక్క పత్రాలలో దూర్వాయుగ్మం ఒకటి గదా. అమెరికాలో దీనినే బెర్ముడా గడ్డి అంటారు. వృక్షశాస్త్రజ్ఞులు సైనొడాన్ డాక్టిలాన్ అంటారు. మొదటి మాటకు కుక్కపన్ను అని, రెండవ మాటకు వేలు అని అర్థం. పూత వచ్చినప్పుడు కాడ చివర నాలుగైదు వేళ్లు చాచినట్లుండటం మన పిల్లలు చూచినదే. లిన్నేయస్ పండితుడు 1753లో దీనిని గ్రంథస్థం చేసినాడు. ఆ తరువాత సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ కొలువులో వుండిన విలియం రాక్స్‌బర్గు మన తీరపు మొక్కలను, గడ్డిజాతులను గూడా విడువక, తెలుగుపేర్లతో సహా నమోదు చేసినాడు. మన మొక్కలపేర్లు సీమలో అచ్చయినవి ఆయన చలువవల్లనే.

అయితే గరిక అప్పటికి ఇంటిముందరికి రాలేదు. మన పెద్దల ఇంటి వాకిలి యెట్లా వుండేదో తలచుకోండి. తెల్లవారుజామున వూడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టిన గట్టినేల అది. గడ్డిపోచ కనబడితే ఇల్లాలు సోమరి అనేవారు. అందులో అర్థం లేకపోలేదు. వాకిట గడ్డి పెరిగితే పాము, తేలు దాగే చోటయ్యేది. పెరడు అంటే కరివేప, మునగ, అరటి, బచ్చలి, బావి. తోట అంటే మామిడి, కొబ్బరి, పూలచెట్లు. చెన్నపట్నంలో కంపెనీకి పెద్ద వర్తకుడుగా వుండిన సుంకురామ శెట్టికి గొప్ప తోట వుండేది. 1734లో ఆ స్థలాన్ని తీసుకొని, నేతపనివారికోసం చింతాద్రిపేట కట్టించినారు. అటువంటి తోటలకు విలువ నీడవల్ల, పండ్లవల్ల వచ్చినదే గాని గడ్డివల్ల వచ్చినది కాదు.

రైతుకైతే గరిక పగవాడు. తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతపు చేలలో గరిక పట్టినదంటే ఆ ఏడు పంట సగం దానిదే. పైన తీగలు పాకుతూ కణుపు కణుపుకూ వేరు వేస్తుంది. అడుగున భూమిలో మరొక వరుస దుంపకాడలు పాకుతవి. ముక్కలు చేస్తే ముక్కకొక మొక్క. అందుకే మనవారు వేసవిదుక్కి చేసి, దుంపకాడలను పైకి తీసి, నడివేసవి యెండలో పడవేసి చంపేవారు. లేదా దట్టంగా ఆకు కమ్మే పైరు వేసి నీడతో చంపేవారు. యీ రెండు సంగతులూ జ్ఞాపకముంచుకోండి. చంపే విద్య తెలిసినవానికి పెంచే విద్య సగం తెలిసినట్లే. నీడ పడితే గరిక బ్రతకదు. వేరు భద్రంగా వుంటే మాత్రం ఆకు యెంత మాడినా మళ్లీ లేస్తుంది.

గరికను మొట్టమొదట జీతమిచ్చి సేకరింపజేసినది తోటలకోసం కాదు, గుర్రాలకోసం. చెన్నపట్నపు సైన్యంలో అశ్వదళానికి ఆర్కాటులో దండువిడిది వుండేది. గుర్రానికొక సేవకుడు, వానికి తోడుగా గడ్డి తెచ్చే మనిషి వుండటం ఆనాటి పద్ధతి. ఆ మనిషిని గ్రాస్‌కటరు అనేవారు. తరచుగా వాడు గుర్రపువాని భార్యో, బంధువో. తెల్లవారకముందే బయలుదేరి, గట్లవెంట, కాలువలవెంట కూర్చొని, చిన్న దోకుడుపారతో గరికను వేరుతీగతో సహా గీకి, మట్టి దులిపి, కడిగి, మోపుకట్టి మోసుకొని రావలె. ఏ గట్టున లేతగరిక వుంటుంది, ఏ నెలలో యెక్కడ తేమ నిలుస్తుంది, గీకినచోట తిరిగి యెన్నాళ్లకు పచ్చబడుతుంది, ఇవన్నీ వారికి కరతలామలకం. ఒక్క ముక్క వ్రాసిపెట్టినవారు లేరు. వారి పేర్లు కంపెనీ జీతపు పట్టీలలో యెక్కినా, తోటపని పుస్తకాలలో యెక్కలేదు. మన పచ్చికచరిత్రలో మొదటి నిపుణులు వీరే అని నా అభిప్రాయం.

అదే కాలంలో దొరలు కోటవిడిచి నుంగంబాకం, ఎగ్మూరు, అడయారులవైపు తోటబంగళాలు కట్టుకొన్నారు. సీమలోవలె ఇంటిముందు పచ్చని తివాసీ కావలెనని వారి కోరిక. సీమగడ్డి విత్తనం తెచ్చి చల్లితే మన యెండకు నిలువదు. యెండకు నిలిచే గడ్డి యేదని చూస్తే, గుర్రం తినే గరికే దిక్కయినది. దానిని నాటే పద్ధతిగూడా సీమది కాదు. గరికతీగలను చిన్నచిన్న ముక్కలుగా నరికి, పేడ, మట్టి, నీళ్లు కలిపిన ముద్దలో పిసికి, చదునుచేసిన నేలమీద అరుగు అలికినట్లు అలికి, పైన పలుచగా మట్టి చల్లి, తడి ఆరకుండా చూస్తారు. కొద్దిరోజులలో కణుపులు మొలకెత్తుతవి. అలకటం మన ఇల్లాండ్రపని, నరకటం రైతుపని, గరిక గ్రాస్‌కటరుది. మూడూ కలిస్తే దొరగారి లాను తయారయినది!

పచ్చికను కత్తిరించే యంత్రం మటుకు సీమదే. ఇంగ్లండులో స్ట్రౌడు వూరిదగ్గర ఎడ్విన్ బడింగ్ అనే ఆయన, ఉన్నిగుడ్డ పైనూగును సమంగా కత్తిరించే మిల్లుయంత్రాన్ని చూచి, అదే పద్ధతిని గడ్డికి వర్తింపజేసి 1830లో పేటెంటు పొందినాడు. అంతకుముందు సీమలోగూడా పెద్ద కొడవళ్లతో మనుష్యులు కోయటమో, గొర్రెలను మేపటమో తప్ప మరొక దారి లేదు. అంటే లాను అనేది పెద్ద జమీందారులకే చెల్లేది. యంత్రం వచ్చిన తరువాతనే సామాన్యుని ఇంటికి వచ్చినది. మన దేశంలో పెద్దమైదానాలలో ఆ యంత్రాలకు ఎద్దులను కట్టి లాగించినారు. చెన్నపట్నంలో 1835లో వ్యవసాయోద్యానసంఘం ఏర్పడి, మొక్కలను, విత్తనాలను, తోటపని పరిజ్ఞానాన్ని ఒకచోట చేర్చినది. 1856లో రాయపురంనుండి ఆర్కాటుదిశగా దక్షిణదేశపు మొదటి రైలు నడిచినప్పుడు ఆ దారి తిరువళ్లూరుమీదుగానే పోయినది. ఆ రైలు వచ్చిన తరువాత యీ ప్రాంతపువారికి పట్నం పూటప్రయాణమయినది.

1888లో తిరుత్తణిలో రాధాకృష్ణన్ గారు జన్మించినప్పుడు ఆ వూరు ఉత్తరార్కాటు జిల్లాలో వుండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. తరువాత పటాస్కర్ గారి తీర్పు ననుసరించి 1959లో చేసిన చట్టంవల్ల, 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాలో అధికభాగం మద్రాసు రాష్ట్రానికి పోయి చెంగల్పట్టు జిల్లాలో కలిసినది. మారుగా సత్యవేడు ప్రాంతం చిత్తూరుకు వచ్చినది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడి, రెండు వూళ్లూ అందులో చేరినవి. యీ వేర్పాటుమీద ఎవరి బాధ వారికి వున్నది, ఇక్కడ దానిని తిరిగి త్రవ్వబోను. ఇంట తెలుగు, బడిలో అరవం అయిన కుటుంబాలలో ఒకే పోచకు పిల్లలు రెండు పేర్లు నేర్చుకొన్నారు, అంతే.

ఆ తిరుత్తణి బిడ్డ 1962 మే 13నుండి 1967 మే 13వరకు రాష్ట్రపతి. ఆయన నివసించిన భవనపు తోట మన దేశంలో పచ్చికపోషణకు పెద్దబడివంటిది. లట్యెన్సు రూపకల్పన చేయగా, మస్టో అనే ఉద్యానాధికారి 1920ల చివర దానిని నాటించినాడు. మొగల్ గార్డెన్సు అని ప్రసిద్ధికెక్కిన ఆ తోటకు 2023లో అమృత ఉద్యానమని పేరు మార్చినారు. అక్కడ పరచిన గడ్డి యేమిటనుకొన్నారు? దూబ్, అంటే గరికే. కలకత్తాలోని బెల్వెడేర్ ఆవరణనుండి తెచ్చి నాటినారు. ఏటా వర్షాకాలానికి ముందు తోటలోని పచ్చికనంతా చెక్కివేసి, కొత్తమట్టి పరుస్తారు. సుమారు మూడువారాలలో గరిక మళ్లీ కమ్ముకొంటుంది. చూచేవారికి అది దండగగా తోచవచ్చును. గరిక సంగతి తెలిసినవారికి ఆశ్చర్యం లేదు. ఏళ్లతరబడి పాకిన తీగలు ఒకదానిమీద ఒకటి పడి చాపవలె గట్టిపడితే నీరు దిగదు, గాలి దిగదు, కొత్తవేరు మట్టిని తాకదు. దండువిడిది గుర్రపుగడ్డివాడు గట్టును గీకిపోతే అది మళ్లీ లేతగా లేచేది. భవనంలో అదే పనిని ముహూర్తం పెట్టి చేస్తారు.

గరిక పోయినచోటికి మనవారూ పోయినారు. 1860నుండి నేటాలుకు కూలిఒడంబడికమీద ఓడలెక్కినవారిలో ఉత్తరార్కాటు, చెంగల్పట్టు జిల్లాలవారు చాలమంది. వారిలో తెలుగువారూ వున్నారు. ఒడంబడిక తీరినతరువాత డర్బను చుట్టుప్రక్కల అనేకులు కూరగాయల తోటలు వేసి బ్రతికినారు. ఆ దక్షిణాఫ్రికాలోనే గరికకు ఒక దాయాది వున్నది, సన్ననిఆకుది. జొహానెస్‌బర్గునుండి అమెరికాకు పోయిన ఆ దాయాది విత్తనంలో, మామూలు గరికతో సంకరమయిన ఒక మొక్క తనంతట బయటపడినది. జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే వూరి ప్రయోగశాలలో గ్లెన్ బర్టన్ పండితుడు దానిని గుర్తించి, పరీక్షించి, 1960లో టిఫ్‌వే అనే పేరుతో విడుదలచేసినాడు. సంకరజాతి గనుక అది విత్తనం పెట్టదు, తీగముక్కలు నాటవలసినదే. తిరుత్తణి జిల్లా మారిన సంవత్సరమూ అదే కావటం కాకతాళీయం. అమెరికా దక్షిణరాష్ట్రాలలో ఆటమైదానాలమీద, ఇండ్లముందర నేడు పరచివున్నవాటిలో యీ సంకరజాతి ప్రధానమైనది. అక్కడ యిల్లు కొనుక్కొన్న మన తెలుగు కుటుంబం, చవితిపూజకు గరిక యెక్కడ దొరుకుతుందని నలుగురిని అడిగి, తాను నిలబడ్డది గరికమీదనే అని గ్రహించకపోవటం నేను విన్న సంగతే.

ఇంత చరిత్ర చెప్పినది ఊరకే కాదు. ఇంటిపచ్చిక చెడటానికి ముఖ్యకారణం, అది ఏ గడ్డియో తెలియకుండా దానికి సేవ చేయటం. మంచు కురిసే సీమలలో వున్నవారి గడ్డి గరిక కాదు. కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ, రై అనే చలిజాతులు. వాటిని మూడంగుళాల ఎత్తుకు తక్కువ కానీయకుండా కోయవలె; యెరువు ముఖ్యంగా శరత్కాలంలో వేయవలె. గరికకు అంగుళం, అంగుళంన్నర చాలు. యెరువు అది పెరిగే వేసవిలో. చలికి గరిక గోధుమరంగు తిరిగితే చచ్చినదని నీళ్లు పోసి, యెరువు పోసి గోల చేయవద్దు, అది నిద్రపోతున్నది. ఉగాది దాటి నేల వెచ్చబడితే దానంతట అదే లేస్తుంది. ఏ గడ్డికైనా ఒక కోతలో మూడవవంతుకు మించి తీయరాదు. పదిహేనురోజులు వదిలి, ఒకనాడు మొదలంటా గొరిగితే వేరు కృశిస్తుంది. ఆ సందులో తుంగ దూరుతుంది. తుంగను పైన పీకి సంతోషపడితే లాభం లేదు, గడ్డ లోపల వున్నంతకాలం అది రుణదాతవలె మళ్లీ వస్తుంది. కత్తి మొద్దుబారితే ఆకుకొన చీలి తెల్లబడుతుంది. చాలమంది దానిని తెగులనుకొని మందు కొంటారు. కోసిన సన్ననిగడ్డిని అక్కడే వదిలితే నేలకు బలం. చెట్టునీడలో గరిక పలుచబడితే చెట్టును నిందించకండి, అక్కడ గడ్డి ఆశ వదలుకోండి.

నీళ్లసంగతి వేరుగా చెప్పవలె. చెన్నపట్నపు పచ్చికలకు నీరు వచ్చేది యెక్కడనుండి? తిరువళ్లూరుకు దగ్గరలో కొసస్థలైయారుకు అడ్డంగా 1944లో పూర్తి అయిన పూండి జలాశయం పట్నానికి ఒక ముఖ్యాధారం. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందం ఫలితంగా 1996నుండి కృష్ణనీరు కండలేరుమీదుగా అక్కడికి చేరుతున్నది. 2019 వేసవిలో పూండితోసహా పట్నపు జలాశయాలు ఎండిపోయినప్పుడు తాగే బిందెకే కరువయినది, లాన్లు మాడిపోయినవి. ఆ ఏడు వానలు పడగానే గరిక వున్నచోట్ల తిరిగి పచ్చబడినది. రోజూ కాసిని చిలకరించటం గరికకు మేలు కాదు. పైపైనే తడిస్తే వేరు పైపైనే తిరుగుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు, తెల్లవారుజామున, నాలుగైదంగుళాల లోతు తడిసేటట్లు పోస్తే వేరు క్రిందికి దిగుతుంది. ఈశాన్యవానలు కురిసే కార్తీకమాసంలో కుళాయి ముట్టనవసరమే లేదు.

ఇక నిపుణుని సంగతి. మనవారికి డాక్టరుకు ఫీజు ఇవ్వటంలో గౌరవం కనబడుతుంది, తోటమాలికి ఇవ్వటంలో బేరం కనబడుతుంది. గ్రాస్‌కటరు కాలంనుండి వస్తున్న అలవాటిది. మొదట మట్టి చూపించండి. తిరువళ్లూరు జిల్లాలో వున్నవారికి తిరూరులో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు వరిపరిశోధనాకేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం కలవు. అమెరికాలో వున్నవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల విస్తరణకార్యాలయాలు కలవు. జాగాలో పదిచోట్ల నాలుగైదంగుళాల లోతునుండి మట్టి తీసి, కలిపి, గుప్పెడు పంపితే ఏది లోపమో తెలుస్తుంది. అది తెలియకుండా ఏటికి ఇన్నిసార్లు మందు చల్లుతామని ఒప్పందం పెట్టే మనిషిని, అతడు యెంత చక్కగా మాట్లాడినా, నేను నమ్మను. మీ గడ్డి ఏ జాతిదని ఆయనను అడగండి. కత్తి యెప్పుడు పదునుపెట్టినారని అడగండి. అమెరికాలో అయితే పురుగుమందు చల్లటానికి రాష్ట్రప్రభుత్వపు అనుమతిపత్రం వున్నదా అని అడగండి. వంగి, గుప్పెడు గడ్డి పట్టుకొని లాగి, వేరు చూచి మాట్లాడేవాడు పనివాడు. చాపవలె లేచివస్తే క్రింద వేరుపురుగు వున్నదని అతడే చెబుతాడు. గట్టిపడిన నేలకు రంధ్రాలు పొడవటం, పైన సన్ననిమట్టి పరచటం, యెగుడుదిగుళ్లు సరిచేయటం ఏడాదికొకసారి అతనిచేత చేయించుకొని, కోత, నీరు, కలుపు మనమే చూచుకొంటే ఖర్చు తగ్గుతుంది, పచ్చిక నిలుస్తుంది.

స్వదేశంలో యీ పని చేసేవారు లేకపోలేదు. గోదావరి తీరాన కడియం నర్సరీలనుండి పలకలుగా కోసిన పచ్చిక లారీలమీద దూరప్రాంతాలకు పోతున్నది. కొరియాగడ్డి అని, మెక్సికోగడ్డి అని అమ్ముతారు; చూపుకు మెత్తగా వుంటవి, కొరియాగడ్డి నెమ్మదిగా పెరుగుతుంది గనుక కోత తక్కువ. ధర మాత్రం గరికకంటె ఎక్కువ. తిరుత్తణిలో, తిరువళ్లూరులో కొత్తఇండ్ల ముందర నేడు యెక్కువగా సిమెంటు పలకలు కనబడుతున్నవి. కల్లాపికీ, గరికకూ రెండింటికీ చోటు లేదు. వినాయకచవితికి ముందురోజు పల్లెలనుండి ఆడవారు గరికకట్టలు తెచ్చి బజారులో అమ్ముతారు. తడిగుడ్డలో చుట్టి, వేరుమట్టి కడిగి, పోచలు సమంగా సర్దిన కట్టలవి.